స్మార్ట్ సిటీ ‘ఆకర్షణీయ నగరం’ ఎలా అయింది?

కేంద్రం 2015 జూన్ 25న స్మార్ట్ సిటీ మిషన్ ప్రారంభించింది. తొలి విడత 20 నగరాల్లో మన విశాఖపట్నం, కాకినాడలకు చోటు దక్కింది. ఆ ‘స్మార్ట్ సిటీ’ని కొన్ని తెలుగు పత్రికలు ‘ఆకర్షణీయ నగరం’ అని రాశాయి. నాకు ఇప్పటికీ ఆ మాట మింగుడు పడదు. పథకంలో చూపు ఎక్కువగా కంట్రోల్ సెంటర్లు, సీసీ కెమెరాలు, ట్రాఫిక్ సిగ్నళ్లు, నీటి సరఫరా మీద. నగరం తెలివిగా నడవాలన్నది ఉద్దేశం. అందం సంగతి తర్వాత.

అలాగని తప్పంతా డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటర్‌దేమీ కాదు. పెళ్లిచూపుల నుంచి వచ్చిన పిన్ని ‘అబ్బాయి స్మార్ట్‌గా ఉన్నాడే’ అంటే, లెక్కలు బాగా చేస్తాడని ఎవరూ అనుకోరు. మన ఇళ్లలో స్మార్ట్ అంటే చూపులకు బాగుండటమే. ఆ అర్థమే వెళ్లి నగరానికి అంటుకుంది. ఫోను దగ్గర మాత్రం ఎందుకో ఆగిపోయారు. కరెంటు స్మార్ట్ మీటర్‌ని ‘ఆకర్షణీయ మీటర్’ అని చూడండి, జనం నవ్వుతారు.

అసలు ఈ ‘ఆకర్షణీయం’ కథ కూడా తమాషాగానే ఉంటుంది. ‘కృష్’ అంటే లాగడం, దున్నడం. కృషి, కర్షకుడు, గురుత్వాకర్షణ అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. దర్శనీయం అంటే చూడదగినది. ఆ లెక్కన ఆకర్షణీయం అంటే లాగదగినది, అంటే లాగించుకునేది! లాగేదాన్ని ఆకర్షకం అనాలి. వాడుకలో ఎప్పుడో తిరగబడింది, ఇప్పుడు దిద్దబోతే మనల్నే వింతగా చూస్తారు.

మా అమ్మ నోట ‘ఆకర్షణీయం’ నేనెప్పుడూ వినలేదు. చీరల కొట్టులో అంచును వేళ్ల మధ్య నలిపి చూసి ‘ముచ్చటగా ఉందే’ అంటుంది. ధర విన్నాక ‘ముచ్చటపడ్డాను గానీ...’ అని మడత పెట్టించేస్తుంది. ముచ్చట చీరలోనూ ఉంది, ఆవిడలోనూ ఉంది. ‘ఆకర్షణీయమైన జీతం’ అనే ప్రకటనలో ఆ రెండోది లేదు. అక్కడ అవతలివాడి గాలమే ఉంది.

మరి ‘ముచ్చటైన నగరం’ అని రాస్తే? కాకినాడలో నడుస్తుంది. ఆ తర్వాత స్మార్ట్ సిటీ జాబితాలో చేరిన వరంగల్‌లో మాత్రం ముచ్చట అంటే ముందు మాటామంతీ. ‘ఏం ముచ్చట?’ అని అడిగి, కుర్చీ వేస్తారు.