సవరణ: కోడింగ్ సహాయకుడి ‘జ్ఞాపకశక్తి’పై నేను రాసిన మాట

భీమవరం దగ్గర ఒక రైస్ మిల్లుకు ధాన్యం లెక్కల ప్రోగ్రాం రాస్తున్న అనుభవంతో, గత టపాలో “పాత సెషన్ల (ఒక్కో విడత సంభాషణల) నోట్సు దాచి ఇస్తే ఏఐ సహాయకుడు మన పని నేర్చుకుంటుంది, ఇక మరచిపోదు” అని రాశాను. ఆ వాక్యంలోని రెండు మాటలూ సరికావు.

శిక్షణలో స్థిరపడిన మోడల్ వెయిట్లు, అంటే ఏఐ నేర్చుకున్నదంతా ఉండే అంకెలు, మన సంభాషణ వల్ల మారవు. క్లాడ్ కోడ్ వంటి ఏఐ కోడింగ్ పనిముట్టు క్లాడ్.ఎండీ (CLAUDE.md) అనే మామూలు టెక్స్టు ఫైలును సెషన్ మొదట్లో చదివి కాంటెక్స్టులో, అంటే ఆ సెషన్‌లో మోడల్ ముందుండే పాఠంలో, చేర్చుకుంటుంది, అంతే. ఆ కాంటెక్స్టుకు హద్దు ఉంది కనుక, నోట్సు పెరిగే కొద్దీ అసలు పనికి చోటు తగ్గడమే కాక, ముఖ్యమైన సూచన అనవసరమైన వాటి మధ్య మరుగున పడవచ్చు.

నా తప్పు బయటపడింది బస్తా దగ్గర. మొదట్లో నోట్సులో “బస్తా అంటే 75 కిలోలు” అని రాయించాను. మా వైపు మాటల్లో బస్తా అంటే అదే కదా. తరువాత 40 కిలోల గోనె సంచుల లెక్క చేర్చినా పాత నోటు తీసేయలేదు. కొత్త సెషన్ దాన్నే నమ్మి, 100 సంచులను 4,000 కిలోలకు బదులు 7,500గా చూపింది. మిల్లు గుమాస్తా చూపు పడకపోతే బిల్లు అలాగే వెళ్లేది.

సెషన్ చివర సహాయకుడి చేత నోట్సు రాయించమని గత టపాలో ఇచ్చిన సలహాను వెనక్కి తీసుకోవడం లేదు. అయితే ప్రతి నోటుకూ తేదీ, కారణం ఉండాలి. సంచి బరువు వంటి అంకెలు నోట్సులో కాక, కోడ్‌లోనూ దాన్ని సరిచూసే పరీక్షల్లోనూ ఉండాలి.