రాములవారి అణాకు కోటి, వెంకన్న వరహాకు దండం

పాత నాణేన్ని గుర్తుపట్టాలంటే తక్కెడ, భూతద్దం, కేటలాగు కావాలని లోకంలో ఒక మూఢనమ్మకం ఉంది. తిరుపతి ఆ దశ ఎప్పుడో దాటేసింది. ఇక్కడ గుప్పెడు బియ్యం చాలు.

గోవిందరాజస్వామి గుడి దగ్గర గుడ్డ పరుచుకుని కూర్చున్న పెద్దమనిషి ముందు చిల్లికాణీలు చూపిస్తాడు. మన మొహంలో ఆశ కనబడ్డాకే జేబులోంచి ‘ఈస్ట్ ఇండియా కంపెనీ అణా’ తీస్తాడు. ఒకవైపు సీతారామలక్ష్మణులు, హనుమంతుడు. ఇంకోవైపు కంపెనీ పేరు, సంవత్సరం. 1616, 1717, 1818. బండికి ఫ్యాన్సీ నంబరు కోసం వేలంలో ఎగబడే మనవాళ్ల లాగే కంపెనీ దొరలకూ ఆ పిచ్చి ఉండేదన్నమాట.

కంపెనీ ఇలాంటి నాణెం ఏనాడూ ముద్రించలేదని, ఇవి తర్వాతెవరో తయారుచేసిన టోకెన్లని నాణేలు చదువుకున్నవాళ్లు అంటారు. వాళ్ల మాట వినకండి. వాళ్లు బియ్యాన్ని లాగలేరు.

ఈ అణా మాత్రం అయస్కాంతం ఇనుమును లాగినట్టు బియ్యపు గింజల్ని లాగుతుందట. అందులో ఇరిడియం అనే అరుదైన లోహం ఉందట, కొనేవాడు కోటి ఇస్తాడట. కాకపోతే ముందు టెస్టింగ్ ఫీజు మనం కట్టాలి.

“గింజ కదల్లేదేన్నా?”

“ఈరోజు అమావాస్య కాదు గదా సామీ. మా తాత పెట్టెలోది, నీ మొహం చూసి ఇస్తాండా.”

ఇంతటి శాస్త్రం మన చేతిలో ఉండగా అసలు నాణేలతో పనేముంది? వాటి చాదస్తం చూడండి. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయి ఆ ఒక్క ఏడాదిది కాదు. 1874 దాకా అదే సంవత్సరం వేసి కొట్టారు. ఏ ఏడాదిదో తేల్చాలంటే వెనకవైపు చుక్కలు లెక్కపెట్టాలి. కళ్లజోడు సవరించుకుంటూ చుక్కలు లెక్కపెట్టేవాడు ఎప్పటికి కోటీశ్వరుడవుతాడు? 1911 రూపాయిలో ఐదో జార్జి అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవైతే, 1912లో దిద్ది మళ్లీ కొట్టారు. 1947 పులిబొమ్మ రూపాయి ఇంకా మొండిది. అయస్కాంతానికి అంటుకుంటే దొంగనాణెం అని తీర్పు చెప్పేవాళ్లు దాన్ని అవతల పారేస్తారు. పాపం, అది నికెల్. అంటుకోవడమే దాని ధర్మం.

రిజర్వ్ బ్యాంకుకు బొత్తిగా రసికత లేదు. పాత నాణేల పేరుతో తమ పేరు వాడుకుని ఛార్జీలు, కమీషన్లు, పన్నులు అడిగేవాళ్లను నమ్మొద్దని 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. మన ఫోన్లలో మాత్రం ‘వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయలకు లక్షలు’ అన్న మెసేజ్ ఆ ప్రకటన కన్నా ఎక్కువ తిరుగుతుంది. జనం దేన్ని ఫార్వర్డ్ చేస్తే అదే కేటలాగు.

చివరిగా ఒక చిన్న విషయం. కంపెనీవాళ్లు మద్రాసులో నిజంగానే దేవుడి బొమ్మతో బంగారు వరహాలు కొట్టారు. మూడు స్వాముల వరహా అంటారు. మధ్యలో మన వెంకటేశ్వరస్వామి, అటూ ఇటూ అమ్మవార్లు. బరువు మూడున్నర గ్రాములు కూడా ఉండదు, సంవత్సరం ఉండదు. మద్రాసులో వ్యాపారం నడవాలంటే ఎవరి బొమ్మ వేయాలో దొరలకు బాగా తెలుసు.

స్వామి పాదాల దగ్గరున్న ఊరు కదా అని గుడ్డ పరిచిన పెద్దమనిషిని ఆ వరహా గురించి అడిగితే పెదవి విరిచాడు.

“అది బియ్యం లాగదు సామీ. రాములవారిది తీసుకో.”