రేకుల కప్పు పనిముట్టు బాగుపడాలంటే డిజైన్ చేతి దగ్గర మొదలవ్వాలి

రేకుల కప్పు పనిలో పెద్ద పనులన్నీ ఎప్పుడో మెషిన్లకి వెళ్లిపోయాయి. రేకుకి ముడతలు రోలర్లు వేస్తాయి, పక్కపక్క రేకుల్ని కలిపే పొడుగాటి నిలువు మడతల్ని మోటర్ మీద నడిచే సీమర్ మూసుకుంటూ పోతుంది, స్క్రూలు డ్రిల్‌తో క్షణాల్లో దిగిపోతాయి. చేతికి మిగిలింది ఏంటంటే చివర్లు, మూలలు, గోడకి ఆనుకునే చోట్లు, పైపు చుట్టూ కోతలు, రెండు వాలులు కలిసే లోయ. విస్తీర్ణంలో చూస్తే ఇది కొంచెమే, కానీ కప్పు కారిందంటే ఎక్కువగా ఇక్కడే కారుతుంది. అందుకే ఈ కొంచెం పనికి వాడే కత్తెర, మడత పట్టకారు ఎలా ఉండాలన్నది చిన్న విషయం అని నేను అనుకోను.

ముడతల రేకుకి హెన్రీ రాబిన్సన్ పామర్ లండన్‌లో పేటెంట్ తీసుకున్నది 1829లో, ఇనుముకి జింక్ పూత వేసే పద్ధతికి ఫ్రాన్స్‌లో స్తానిస్లాస్ సోరెల్ పేటెంట్ తీసుకున్నది 1837లో. అప్పటి రేకు మెత్తటి ఇనుము. ఇప్పుడు కప్పులకి వస్తున్న రేకుల్లో జి550 అనే గ్రేడ్ ఉంది, అంటే కనీసం 550 మెగాపాస్కల్స్ ఒత్తిడి వస్తే గానీ అది శాశ్వతంగా వంగదు, పైగా దాని మీద ఒక్కో వైపు 20 మైక్రాన్ల చుట్టుపక్కల జింక్, ఆ పైన ఇంచుమించు అంతే మందంలో రంగు పూత. రేకు ఇంత మారిపోయాక కూడా దాన్ని వంచే పట్టకారు మాత్రం చాలావరకు అదే, రెండు పలకలు, మధ్యలో ఒక పిన్ను, రెండు పిడులు.

సరే, పట్టకారు బాగాలేకపోతే పనివాళ్లు ఏం చేస్తారు? ఏదో ఒకటి చేతికి దొరికింది వాడతారు, అది సహజం. కత్తెర నొక్కీ నొక్కీ అరచెయ్యి మంటపుడితే గ్రైండర్ తీస్తారు. అబ్రేసివ్ డిస్క్‌తో రేకు కోస్తే అంచు కాలిపోతుంది, అంచు పక్కనున్న జింక్, రంగు మాడిపోతాయి, ఎగిరిన ఎర్రటి నిప్పు రవ్వలు పక్క రేకు రంగులోకి దిగి అంటుకుంటాయి, కొన్నాళ్లకి వాటి చుట్టూ తుప్పు మచ్చలు కనిపిస్తాయి. అందుకే రేకు తయారీదారులు గ్రైండర్ వద్దని మొత్తుకుంటారు. వాలు తక్కువున్న కప్పుల్లో శిఖరం దగ్గర రేకు పల్లం, అంటే రెండు ముడతల మధ్య లోతు భాగం, చివర్ని పైకి మడవాలి, గాలికి కొట్టుకొచ్చిన నీళ్లు లోపలికి దూరకుండా. దీనికి ప్రత్యేకంగా పల్లంలో దూర్చి ఎత్తే పనిముట్టు ఉంది. అది ఆ రేకు ముడత ఆకారానికి, అంటే ప్రొఫైల్‌కి సరిపోయేది చేతిలో లేకపోతే స్పానర్‌తో పట్టుకుని పైకి లాగుతారు, మూలలు చిరుగుతాయి. పనివాడి నిర్లక్ష్యం అని తేల్చెయ్యడం తేలిక, నాకు మాత్రం ఇందులో ఎక్కువ తప్పు పనిముట్టుదే అనిపిస్తుంది. చేతిని బాధపెట్టే పనిముట్టుని చెయ్యి పక్కన పెట్టేస్తుంది, ఆ స్థానంలోకి వచ్చింది కప్పుని పాడుచేస్తుంది.

ఇప్పుడు అసలు డిజైన్‌లోకి వద్దాం. పాత పట్టకారుని బాగుచేస్తామని కూర్చున్న వాళ్లలో చాలామంది ముందు దవడలు, అంటే రేకుని పట్టే ఆ రెండు పలకలు, గీస్తారు, ఎంత వెడల్పు, ఏ స్టీలు, ఎంత గట్టిదనం అని, పిడులు చివర్లో వెల్డింగ్ చేస్తారు. నేను తిరగేసి చెయ్యమంటాను, ఎందుకంటే దవడ ఎంతైనా మార్చుకోవచ్చు గానీ చెయ్యి కొలత మారదు. అమెరికా వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్, కాలిఫోర్నియా రాష్ట్ర పని భద్రత విభాగం ఓషాతో కలిసి 2004లో చేతి పనిముట్ల ఎంపిక మీద తెచ్చిన చిన్న పుస్తకంలో, రెండు పిడుల పనిముట్టుతో బలమైన పని చెయ్యాలంటే పిడుల మధ్య దూరం తెరిచినప్పుడు సుమారు 90 మిల్లీమీటర్లు దాటకూడదు, మూసినప్పుడు 50కి తగ్గకూడదు అని ఉంటుంది. దానికన్నా వెడల్పయితే వేళ్లు అందవు, ఇరుకైతే వేళ్లలో పట్టు ఉండదు.

అంటే మనకి ఒక నొక్కుకి ఉన్నది 40 మిల్లీమీటర్ల కదలిక. మొత్తం డిజైన్ ఈ 40ని ఎలా ఖర్చు పెడతామన్నదే. దవడ 20 మిల్లీమీటర్లు తెరుచుకోవాలంటే చేతి బలం సగటున రెండు రెట్లే అవుతుంది, 10 మిల్లీమీటర్లు చాలనుకుంటే నాలుగు రెట్లు, అందులో మళ్లీ పిన్నుల రాపిడి కొంత తినేస్తుంది. ఎన్ని లివర్లు పెట్టినా ఈ లెక్క మారదు. ఎక్కువ బలం కావాలంటే దవడ తక్కువ తెరుచుకోవాలి, అప్పుడేమో లేచి ఉన్న మడత మీదకి దవడ ఎక్కదు, ఎక్కినా పదిసార్లు నొక్కాలి. చాలా కొత్త డిజైన్లు మూడు రెట్ల బలం, ఐదు రెట్ల బలం అని చెప్తాయి గానీ దానికోసం ఎంత కదలిక పోయిందో చెప్పవు, నన్నడిగితే మొదట అడగాల్సింది అదే.

కానీ సగటు అన్నాను కదా, దారి అక్కడే ఉంది. మడత మూసేటప్పుడు దవడ ప్రయాణంలో ఎక్కువ భాగం దాదాపు ఖాళీగా నడుస్తుంది, అసలు బలం కావాల్సింది చివరి ఒకటి రెండు మిల్లీమీటర్లలో, పొరలన్నీ ఒకదాని మీద ఒకటి నొక్కుకునేటప్పుడు. కాబట్టి లివర్ నిష్పత్తి మొత్తం ఒకేలా ఉండక్కర్లేదు. చేతి కదలికలో మొదటి 20 మిల్లీమీటర్లకి దవడ గబగబా 18 మిల్లీమీటర్లు మూసుకుని, మిగతా 20కి కేవలం 2 మిల్లీమీటర్లు నడిస్తే చివర్లో పది రెట్ల బలం దొరుకుతుంది, అదే చెయ్యి, అదే 40. మోకాలులా మడిచి నిటారుగా సాగే టాగిల్ లింకు ఈ పని చేస్తుంది, లాకింగ్ ప్లయర్లలోనూ కొన్ని ప్రెస్సుల్లోనూ ఎప్పట్నుంచో ఉన్నదే, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. రేకుల పట్టకారులో దాన్ని సరైన చోట పెట్టడమే పని. కత్తెరకి మాత్రం ఈ కిటుకు అంత పనికిరాదు, అక్కడ కోతంతా బలం కావాలి, దానికి ఇప్పుడున్న జంట లివర్ల పద్ధతే సరైంది.

అలాగని బలం ఎంత ఎక్కువైతే అంత మంచిది అనుకోవడానికి లేదు. రేకు ఎండకి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. 50 డిగ్రీల తేడా వస్తే 10 మీటర్ల స్టీలు రేకు సుమారు 6 మిల్లీమీటర్లు, అల్యూమినియం అయితే సుమారు 12 మిల్లీమీటర్లు కదులుతుంది. చూరు దగ్గర రేకు చివర్ని అంచు పట్టీ చుట్టూ మడిచేటప్పుడు ఈ కదలికకి ఖాళీ వదలాలి, పట్టకారుతో పిండేసి బిగిస్తే కదలాల్సిన రేకు కదల్లేక ఉబ్బుతుంది లేదా తనని కిందకి పట్టి ఉంచే క్లిప్పుల్ని లాగేస్తుంది. అందుకని దవడ ఎంతవరకు మూసుకోవాలో ఆపే స్టాపర్ ఉండాలి, వేలితో తిప్పి మార్చుకునేలా, గ్లౌజులు వేసుకుని కూడా. ఇది చాలా చిన్న భాగం, కానీ పని చేసేవాడి అనుభవం మీదే వదిలేసిన ఒక అంచనాని పనిముట్టు మోస్తుంది, కొత్తగా నేర్చుకునే కుర్రాడికి ఇది ఎంత సాయమో చెప్పలేం.

దవడ విషయంలో మందం లెక్క గుర్తుంచుకోవాలి. వంచడానికి కావాల్సిన బలం మందానికి వర్గంలో పెరుగుతుంది, 0.5 మిల్లీమీటర్ల నుంచి 0.7కి వెళ్తే అదే లోహానికి దాదాపు రెట్టింపు. గట్టి గ్రేడు అయితే ఇంకో చిక్కు, 90 డిగ్రీలకి వంచి వదిలితే వెనక్కి లేస్తుంది. కాబట్టి దవడ వెనక భాగాన్ని కొంచెం చెక్కి 90 దాటించి వంచగలిగే చోటు ఉంచాలి. దవడ ముక్కు మరీ పదునుగా ఉంటే మడత చక్కగా వస్తుంది, అది చూసి ముచ్చటపడతాం, కానీ ఆ మడత గీత మీదే రంగు పగులుతుంది. కొద్దిగా గుండ్రం చెయ్యడం మేలు. పూత గీసుకోకుండా ప్లాస్టిక్ తొడుగులు వెయ్యొచ్చు కదా అంటారు, వెయ్యొచ్చు, అయితే మెత్తటి తొడుగులో లోహపు పొడి గుచ్చుకుని ఉండిపోతే స్టీలు కన్నా ఎక్కువ గీస్తుంది, అందుకే నునుపుగా పాలిష్ చేసిన స్టీలు దవడే నాకు నమ్మకం, ప్రతిసారీ గుడ్డతో తుడవగలిగేలా. స్టీలు మీద వాడిన దవడనే తుడవకుండా అల్యూమినియం మీదో రాగి మీదో వాడితే అంటుకున్న ఇనుప రేణువులు అక్కడ తుప్పు మరకలు అవుతాయి.

ఇక మణికట్టు. ఏటవాలు కప్పు మీద ఒక మోకాలు ఆనించి, ఎడమ చేత్తో రేకు పట్టుకుని, కుడి చేత్తో నొక్కుతున్న మనిషిని చూస్తే తెలుస్తుంది, మడత రేకు పైన 25 నుంచి 38 మిల్లీమీటర్ల ఎత్తే, పిడి నేరుగా ఉంటే వేళ్ల కణుపులు రేకుకి గీసుకుంటాయి, తప్పించుకోవడానికి మణికట్టు పక్కకి వంగుతుంది, వంగిన మణికట్టుకి పట్టు తగ్గుతుంది. పిడిని పైకి వంచితే మణికట్టు నిటారుగా ఉంటుంది. ఆఫ్‌సెట్ కత్తెరలు ఈ పని ఎప్పుడో చేశాయి, పట్టకార్లలో కూడా అది మామూలు అవ్వాలి. గ్లౌజు వేసుకుంటే పట్టు తగ్గుతుంది, పిడి లావుగా అనిపిస్తుంది, కాబట్టి ఆ 90, 50 కొలతలు గ్లౌజుతోనే చూసుకోవాలి. చిన్న చేతులున్నవాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి 90 కూడా ఎక్కువే, రెండు సైజులు లేకుండా అందరికీ ఒకటే అనడం అన్యాయం. ఎడమచేతి వాటం వాళ్ల సంగతి మరీ మర్చిపోతారు. ఎరుపు పిడి కత్తెర ఎడమకి తిరిగే కోతకి, ఆకుపచ్చది కుడికి తిరిగే కోతకి, అవి చేతివాటం గుర్తులు కావు. లాక్ గొళ్లెం ఏ బొటనవేలికైనా అందేలా మధ్యలో పెడితే ఈ సమస్య సగం పోతుంది.

ఒకే దాంట్లో కత్తెర, పట్టకారు, రంధ్రం వేసే పంచ్, సుత్తి అన్నీ పెట్టేద్దాం అనే ఆలోచన ప్రతిసారీ వస్తుంది. నిచ్చెన ఎక్కేటప్పుడు నడుముకి తక్కువ బరువుంటే మంచిదే, ఆ కోరిక నిజమైందే. కానీ పైన చెప్పిన 40 మిల్లీమీటర్ల ఖర్చు ఒక్కో పనికి ఒక్కోలా ఉంటుంది, కోతకి సరిపోయిన లివర్ మడతకి సరిపోదు, రెండింటికీ మధ్యస్థంగా పెడితే రెండూ చెడతాయి. ఊడదీసి మార్చే ప్రతి ముక్కా పైనుంచి జారే ముక్కే, ముప్పావు కిలో పనిముట్టు 10 మీటర్ల ఎత్తునుంచి పడితే కిందకి వచ్చేసరికి సెకనుకి 14 మీటర్ల వేగం ఉంటుంది, కింద మనిషి ఉంటాడు. తాడు కట్టడానికి పిడికి రంధ్రం తప్పనిసరి. మారే దవడలు ఒక్క చోటే ఒప్పుకుంటాను, ఆ పల్లం చివర్ని ఎత్తే పనిముట్టులో, ఎందుకంటే రేకు ప్రొఫైల్ కంపెనీకొకటి. అది కూడా కిందే బోల్టుతో బిగించి పైకి తీసుకెళ్లేది అయ్యుండాలి.

నమూనా తయారయ్యాక దాన్ని బల్ల మీద వైస్‌లో బిగించి పరీక్షిస్తే ఉపయోగం లేదు. ఏటవాలు చెక్క మీద రేకు పరిచి, ఒక్క చేత్తో, రోజంతా పని చేసిన మనిషి చేతికి సాయంత్రం ఇచ్చి చూడాలి, ఎన్ని నొక్కులు పట్టింది, పిడి దగ్గర ఎంత బలం పడింది లోడ్ సెల్‌తో కొలవాలి. మడిచిన ముక్కల్ని భూతద్దంతో చూసి రంగు పగుళ్లు వెతకాలి, ఆ ముక్కల్నే ఐఎస్ఓ 9227 ఉప్పునీటి పొగమంచు పరీక్షలో పెట్టి పాత పట్టకారుతో మడిచిన ముక్కల పక్కన పోల్చాలి. కీళ్ల పిన్నులకి రివెట్ వద్దు, లాక్ నట్ ఉన్న బోల్టు పెట్టాలి, వదులైనప్పుడు బిగించుకోవచ్చు. దవడల బోల్టు రంధ్రాల దూరాలు, మందం ఇవన్నీ బయటికి ఇచ్చెయ్యాలి, దవడ అరిగిపోతే లోహం పని తెలిసిన ఎవరైనా కొత్తది చేసి బిగించేలా.