నాలుగు ఐస్ గడ్డలేస్తే చాలంట!

పొద్దున్నించి ముగ్గురు పంపినారు అదే మెసేజ్. మా చిన్నాన్న కొడుకైతే "నీ బల్లికి పనికొస్తాది చూడన్నా" అని మరీ పంపినాడు. "ఆక్సోలాటిల్ పెంచడం చాలా సులువు" అని పైన, కింద పచ్చ టిక్కులేసి ఏడు పాయింట్లు. ఆక్సోలాటిల్ అంటే చూడ్డానికి బల్లి మాదిరుండి, నీళ్లలోనే బతికే జీవి, నా దగ్గర ఒకటుంది. రాసినోడు ఒక్క రోజన్నా సాకింటే ఒట్టు.

ఇంట్లో ఉంటే డబ్బొస్తాదంట. నాకైతే పోయింది. ఈశాన్యం మూల పెట్టాలంట, ఎండ పడకుంటే చాలు, అది ఏ మూలో దానికేం తెలుసు. రంగు రాళ్లు పరచాలంట. అది నోరు తెరిచి తిండిని నీళ్లతో సహా లోపలికి లాగేస్తాది సామీ, రాయి కూడా అట్లే పోయి పేగులో అడ్డం పడతాది. హాస్టల్ ఖాళీ చేసి పోతూ ఎవరో పిల్లోడు గాజు గిన్నెలో వదిలేసిపోతే దీన్ని ఇంటికి తెచ్చుకున్నా, రెండో రోజు ఇది దొడ్డికి పోతే అందులో శనగ బద్దంత నీలం రాయి. రాయి చిన్నది కాబట్టి బతికింది.

తిండికి అన్నం మెతుకులు, బ్రెడ్డు, చికెన్ ముక్కలంట. అవెందుకు, ఉగ్గాని బజ్జీ పెట్టండి! మెతుకులు కుళ్లి నీళ్లలో అమ్మోనియా పెరుగుతాది, మొప్పలు కాలిపోతాయి. దానికి కావాల్సింది వానపాములు, పెద్దదైతే రెండు మూడు రోజులకోసారి చాలు. మందు కొట్టిన శనక్కాయ చేన్లోవి మాత్రం వద్దు. వర్మీకంపోస్ట్ షెడ్డు నుంచి ఎర్రవి తెస్తే మాది నోట్లో పెట్టుకుని తూ అని ఊసేసింది, అవి పసుపు రసం వదుల్తాయి, చేదంట.

కాలు తెగినా మొలుస్తాది, డాక్టర్ అక్కర్లేదంట. మొలుస్తాది, నిజమే, నెలలు పడతాది. ఆలోపు చెడిన నీళ్లలో ఫంగస్ పడితే మొలవడానికి ఒళ్లు మిగలాల కదా.

ఒక్కటి ఒప్పుకుంటా. బోరు నీళ్లు వాడమన్నాడు, అది కరెక్టే. నేనే తెలివి మీరి మొదట్లో మినరల్ క్యాన్లు తెచ్చి పోసినా, ఖనిజాలు చాలావరకు తీసేసిన ఆ నీళ్లు దీనికి పనికిరావు, మన గట్టి నీళ్లే మేలు, పైగా క్లోరిన్ ఉండదు.

ఇంక ఐస్. "ఎండాకాలం రోజుకు నాలుగు ఐస్ గడ్డలేస్తే చాలు" అన్నాడు చూడండి, నాకు కడుపు మండింది దీనికే, ఎందుకంటే ఇది చదివి అనంతపురంలో ఇంకో నలుగురు బెంగళూరు పోయి కొనుక్కొస్తారు. దాని సొంతూరు మెక్సికో సిటీ దగ్గర సోచిమిల్కో కాలవలు, సముద్రమట్టానికి 2,200 మీటర్ల పైన. దానికి 16 నుంచి 18 డిగ్రీల నీళ్లు కావాల, 24 దాటి కొన్ని రోజులుంటే తిండి మానేస్తాది, మొప్పల మీద దూది మాదిరి ఫంగస్ వస్తాది. మా మిద్దె మీద ట్యాంకులో మేలో చెయ్యి పెడితే చురుక్కుమంటాది! పోయిన ఏడు దాన్ని పక్కకి తీసి, 20 లీటర్ల వట్టి నీళ్ల టబ్బులో థర్మామీటర్ వేసి చూసినా. 31 ఉండె. కిలో ఐస్ వేస్తే 26కి దిగింది, మధ్యాహ్నం దాటేసరికి మళ్లీ 30. కిలోకే అట్లుంటే నాలుగు గడ్డలకు ఎంత తగ్గుతాదప్పా, అర డిగ్రీ? ఆ దిగడం ఎక్కడం దాన్ని ఇంకా నలిపేస్తాది. నీళ్ల మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పితే నయం, మనది పొడి గాలి కదా, కుండలో నీళ్లు చల్లబడినట్లే చల్లబడతాయి, అది కూడా ఏప్రిల్ దాకానే. చివరికి సెకండ్‌హ్యాండ్ చిల్లర్, అదే నీళ్లు చల్లబరిచే మిషన్, కొన్నా.

ఇప్పుడు టబ్బులో 17, హాల్లో 36. చిల్లర్ వేడిగాలి కొట్టేది సరిగ్గా నా మంచం వైపే.