పారిపోయినవాడికే కలిసొచ్చే చట్టం

హిట్ అండ్ రన్ అనగానే చర్చంతా పదేళ్ల జైలు చుట్టూ తిరుగుతుంది. మనిషిని గుద్ది చంపి, పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు శిక్ష అని ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106(2)గా రాశారు. దాని మీదే 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేశారు. హైదరాబాద్‌లో బంకుల ముందు క్యూలు గుర్తుండే ఉంటాయి. జులై 1న సంహిత అమల్లోకి వచ్చినా, ఆ ఒక్క క్లాజును మాత్రం ఆపేశారు.

ఆగితే జనం కొడతారన్న డ్రైవర్ల భయం ఉత్తదేం కాదు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ కూడా ఆ పరిస్థితిని ఒప్పుకుంది. కానీ అర్ధరాత్రి బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద తాగి కారు నడిపేవాడి లెక్క వేరు. ఆగితే టెస్ట్ చేస్తారు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు బిగుస్తుంది. పారిపోయి మర్నాడు లాయరుతో వస్తే రక్తంలో ఏమీ మిగలదు. అప్పుడు సాధారణంగా పడేది, నిర్లక్ష్యంతో చావుకు కారణమైనందుకు పెట్టే సంహితలోని 106(1). ఐదేళ్ల వరకు శిక్షే గానీ, బెయిల్ దొరికే సెక్షన్. పారిపోయినందుకు విడిగా ఏముందంటే, మోటారు వాహనాల చట్టం కింద మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తాగినవాడు ఇక ఎందుకు ఆగుతాడు?

బండి దొరక్కపోతే దెబ్బంతా బాధితుల మీదే. నంబరు తెలిస్తే ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో చనిపోయినవాడి వయసు, సంపాదన చూసి పరిహారం లెక్కకడతారు. తెలియకపోతే కేంద్రం 2022లో తెచ్చిన హిట్ అండ్ రన్ పరిహార పథకం కింద ప్రాణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు, అంతే. ఆ డబ్బు కూడా అడిగేవాళ్లు లేరు. 2022లో దేశంలో 67 వేలకు పైగా హిట్ అండ్ రన్ ప్రమాదాలు జరిగితే, 2022–23లో వచ్చిన దరఖాస్తులు 205. అందుకే నెలలోగా బండి ఆచూకీ తెలియకపోతే, ఈ పథకం గురించి పోలీసులే బాధితులకు రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది.

బెంగళూరులో బిల్డింగ్ పనులకొచ్చే మన రాయలసీమ కూలీల సంగతి చూడండి. ఆదోని నుంచి వచ్చిన మనిషిని తెల్లారుజామున ఏదో బండి గుద్దిపోతే, శవాన్ని ఊరికి చేర్చడమే ఆ ఇంటికి తలకు మించిన పని. తర్వాత ఎఫ్‌ఐఆర్ కన్నడలో ఉంటుంది. లిపి దగ్గరిదే కాబట్టి కూడబలుక్కుని చదువుతారనుకుందాం. దరఖాస్తు మాత్రం ప్రమాదం జరిగిన తాలూకాలోనే ఇవ్వాలి. విచారణ అధికారి అడిగినప్పుడల్లా కూలి మానుకుని బస్సెక్కాలి.

విచిత్రమేమిటంటే, బండి దొరికిన కేసుల్లో మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం తాము ఉండే చోటి ట్రిబ్యునల్‌లోనే కేసు వేసుకోవచ్చు. బండి కూడా దొరకని కుటుంబానికి ఆ వెసులుబాటు లేదు. ఆదోని తహసీల్దారే దరఖాస్తు తీసుకుని బెంగళూరుకు పంపేలా నిబంధన మార్చడానికి ఏ సమ్మే అడ్డు రాదు.