సవరణ: సోడియం ఎలక్ట్రాన్‌ను ఊరికే వదులుకోదు

అయానిక బంధంపై (ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్‌లోలా, వ్యతిరేక ఆవేశాలున్న అయాన్ల మధ్య ఆకర్షణపై) ఇచ్చిన పాఠంలో ‘సోడియం పరమాణువు స్థిరత్వం కోసం ఎలక్ట్రాన్‌ను వదిలేస్తుంది, అప్పుడు శక్తి విడుదలవుతుంది’ అని ఉంది. రెండో సగం కొట్టేసి చదవండి. వాయుస్థితిలోని సోడియం నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగాలంటే మోల్‌కు 496 కిలోజౌళ్లు పెట్టాలి. దాన్ని క్లోరిన్ అందుకుంటే తిరిగి వచ్చేది 349 మాత్రమే. ఎలక్ట్రాన్ మార్పిడి వరకే చూస్తే 147 కిలోజౌళ్ల లోటు!

పైగా ఘన సోడియంను ఆవిరి చేయడానికి 107, క్లోరిన్ అణువును విడగొట్టడానికి (ఒక్కో పరమాణువు వాటాకు) 121 కావాలి. ఈ లోటంతా పూడ్చేది జాలక శక్తి. విడివిడి అయాన్లు దగ్గరై, ఒక్కోదాని చుట్టూ వ్యతిరేక ఆవేశం గలవి ఆరేసి చొప్పున అమరినప్పుడు 787 వెలువడుతుంది. అన్నీ పోగా మిగిలేది దాదాపు 412.

రెండో ఎలక్ట్రాన్ ఎందుకు పోదన్నదీ ఈ లెక్కలోనే తేలుతుంది: దానికి 4562 కిలోజౌళ్లు కావాలి, సోడియం, క్లోరిన్‌లతో ఏర్పడే ఏ జాలకమూ అంత తిరిగివ్వలేదు. అష్టక నియమం (బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లుంటే స్థిరత్వం అనేది) ఏ అయాన్ వస్తుందో ఊహించడానికి బాగా పనికొస్తుంది, కారణం చెప్పడానికి మాత్రం చాలదు.

అదే పాఠంలోని పట్టికలో ఇంకొకటి: ఫెర్రస్ (Fe²⁺) అయాన్ ఎలక్ట్రాన్ విన్యాసాన్ని 3డి⁴ 4ఎస్² బదులు 3డి⁶ అని దిద్దుకోండి. ఇనుము అయానుగా మారేటప్పుడు ముందు పోయేవి 4ఎస్ ఎలక్ట్రాన్లే. ఫెర్రిక్‌ (Fe³⁺)కు ఇచ్చిన 3డి⁵ సరైనదే.