తూకానికి వేసే ముందు ఒక చీటీ

హైదరాబాద్‌లో పాత ఇల్లు డెవలప్‌మెంటుకు ఇచ్చారంటే ముందుగా కదిలేది సామాను. ఇత్తడి బిందెలు, రాగి గంగాళాలు కిలోల లెక్కన పోతాయి. ట్రంకుపెట్టెలోని ఉర్దూ కాగితాలు చదవగలిగినవారు ఇంట్లో లేక పాత పేపర్లతో కలిసి తూకానికి వెళ్తాయి. కొన్ని పాత సామాను అమ్మే జుమ్మేరాత్ బజారు దాకా వస్తాయి, చాలా మటుకు రావు. చార్మినార్‌ను, గోల్కొండను చూసుకోవడానికి శాఖలున్నాయి. అటక మీది సామానుకు ఆ ఇంటివాళ్లు తప్ప వేరే దిక్కు లేదు. అందుకే ఈ మాట నేరుగా ఆ ఇళ్లకే చెబుతున్నాం.

ఒకే వస్తువును ఏ ఇంటి నుంచి వచ్చినవారు చూస్తే ఎలా కనిపిస్తుందో చెప్పడానికి ఒక్క అంకె చాలు. పాత శిస్తు రసీదు మీద 1357 అని ఉందనుకుందాం. హిజ్రీ లెక్క, అంటే ఇస్లామీ చాంద్రమాన సంవత్సరం, అలవాటున్న ఇంట్లో అది 1938–39 అవుతుంది. కానీ నిజాం రాష్ట్రంలో రెవెన్యూ కాగితాలు నడిచింది ఫసలీలో, అంటే శిస్తు వసూలుకు వాడే పంట సంవత్సరంలో. ఆ లెక్కన 1357 అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. రజాకార్ల దాడులు, పల్లెల్లో సాయుధ పోరాటం సాగుతున్న కాలమది; 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు జరిగిన భారత సైనిక చర్య కూడా ఆ ఫసలీలోనే ఉంది. అంత గడ్డుకాలంలో కట్టిన శిస్తు, చదవడంలో పొరపాటు వల్ల ప్రశాంతంగా ఉన్న రోజుల్లోకి వెళ్లిపోతుంది. కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకు ఫసలీ తెలిసినా మరో చిక్కుంది. మద్రాసు రాష్ట్రంలో ఫసలీ జులై 1న మొదలయ్యేది, ఇక్కడ ఆజూర్ నెలతో అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. హైదరాబాద్ కాగితమైతే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు 590, జనవరి నుంచి 591 కలపాలి. నెల చూడకుండా కలిపితే ఏడాది తప్పుతుంది. రెవెన్యూ కాగితమైతే ముందు ఫసలీ అనుకొని చూడండి, నాణెమైతే హిజ్రీ అనుకోండి.

డబ్బు లెక్కలోనూ ఇదే చిక్కు. హైదరాబాద్ రాష్ట్రానికి హాలీ సిక్కా అనే సొంత రూపాయి ఉండేది, బ్రిటిష్ ఇండియా రూపాయిని ఇక్కడ కల్దార్ అనేవారు. 1950లో భారత రూపాయి వచ్చినప్పుడు 7 హాలీ రూపాయలకు 6 కల్దార్లు ఖరారు చేశారు. హాలీ చెలామణి 1959లో పూర్తిగా రద్దయింది. తాత చేసిన అప్పు ఏడు వందలని ఒక కొడుకు వంశం, ఆరు వందలని మరో కొడుకు వంశం దశాబ్దాలుగా వాదించుకుంటుంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. పద్దు పుస్తకంలో అంకె పక్కన ఏ సిక్కా అని రాసి ఉందో చూడాలి.

వెండి రూపాయి దొరికితే చార్మినార్ బొమ్మలో మధ్య కమాను లోపలికి చూడండి. అక్కడ ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మీమ్ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలం, ఐన్ అయితే 1911 తరువాత, ఉస్మాన్ అలీఖాన్ కాలం. భూతద్దం పట్టుకుంటే పదేళ్ల పిల్లలు కూడా తేల్చగలరు. ఆ అక్షరాన్ని చెరిపేసేది మన శుభ్రమే. చింతపండుతో, తోమే పొడితో రుద్దితే పైన చిన్న గీతలన్నీ అరిగిపోతాయి. బిద్రీ సామానుకైతే మరీ నష్టం. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోసి, వెండి పొదిగి, బీదర్ కోట మట్టిని నవసాగరంతో కలిపి పూస్తేనే ఆ నలుపు వస్తుంది. ఒక్కసారి పులుపు పెట్టి తోమితే నలుపు లేచిపోయి వెండి పువ్వుకూ కింది లోహానికీ తేడా తెలియదు. మెత్తని పొడి గుడ్డతో తుడిచి వదిలేయాలి, అంతే.

వీటన్నిటికన్నా మాకు ముఖ్యంగా అనిపించేది ధాన్యం కొలిచే మానిక. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని పెద్దలు చెబుతారు గానీ ఊరూరికీ తేడా ఉండేది. మీ ఇంట్లో మానిక ఉంటే దాని నిండా నీళ్లు పోసి, ఆ నీళ్లను కొలగ్లాసులో ఎన్ని మిల్లీలీటర్లో చూసి రాయండి. చెక్కదో వెదురుదో అయితే నీళ్లు వద్దు, ఆవాలు పోయండి. అడుగున లోపలికి సొట్ట ఉందా, అంచు కోసి మళ్లీ అతికారా, పక్కన సర్కారు ముద్ర ఉందా అన్నది చూడండి. ఆ తరువాత అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: దీనితో కొలిచిందెవరు, కొలిపించుకున్నదెవరు? కూలి గింజల్లో ఇచ్చిన కాలంలో పైన కుప్పగా పోశారా, చేత్తో గీసి సమం చేశారా అన్నదాని మీద ఒక కుటుంబం రాత్రి భోజనం ఆధారపడింది. దొర ఇంట్లో అదే మానిక నిండైన గాదెకు గుర్తు, జీతగాడి ఇంట్లో తక్కువ పడ్డ గింజలకు గుర్తు. వెట్టి మీద, సర్కారు బలవంతంగా వసూలు చేసిన లెవీ ధాన్యం మీద తెలంగాణ పల్లెలు ఎందుకు తిరగబడ్డాయో పాఠ్యపుస్తకంలో నాలుగు వాక్యాల్లో చదివిన పిల్లలకు ఆ పాత్రను రెండు విధాలా నింపి చూపిస్తే బాగా అర్థమవుతుంది. ప్రతి వస్తువు దగ్గరా ఇంకో ప్రశ్న కూడా వేయాలని మా విన్నపం: దీన్ని ఎవరు ముట్టకూడదనేవారు? జవాబు చెప్పడానికి పెద్దలు ఇబ్బందిపడతారు. అయినా అడగాలి, జవాబును మార్చకుండా రాయాలి.

బీరువాలు, ట్రంకుపెట్టెలు ఉన్న ఇళ్లలోనే వస్తువులు నిలుస్తాయి. పని వెతుక్కుంటూ ఊళ్లు మారిన పాలమూరు కూలీల ఇళ్లలో బిద్రీ హుక్కా ఎక్కడ దొరుకుతుంది? అక్కడ దొరికేవి తాపీ, ఇనుప తట్ట, మూడు ఊళ్ల పేర్లు దిద్దిన రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీ. 1942లో మొదలైన ఆల్విన్ ఫ్యాక్టరీలో తయారైన బీరువా కొన్నవారి ఇంట్లో కనిపిస్తుంది. దాన్ని చేసినవారి ఇంట్లో గేటు పాసో జీతం చీటీయో ఉంటుంది. నగరం ఎలా పెరిగిందో చెప్పడానికి ఈ రెండో రకం వస్తువులు లేకపోతే కథ సగమే. మ్యూజియాలు ఇప్పటికైనా వీటికోసం అడగాలి.

ఇంట్లో చేయగలిగిన పని కష్టమైంది కాదు. ఒక్కో వస్తువుకు ఒక్కో కాగితం తీసుకొని మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో వస్తువు మీద కంటికి కనిపించేది మాత్రమే రాయాలి: కొట్టించిన పేరు, తేదీ, ముద్ర, బరువు, కొలత. రెండో గడిలో ఇంటివాళ్లు చెప్పింది, ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో. మూడో గడిలో మన ఊహ. ఈ మూడూ కలిసిపోవడమే ఇళ్లలో జరిగే అసలు నష్టం. బిందె మీద ‘1952’ అని ఉంటే అది ఇచ్చిన ఏడు కావచ్చు, పేరు తరువాతెప్పుడో కొట్టించారేమో కూడా. నిజాం ఇచ్చాడన్న మాట రెండో గడిలోనే ఉండాలి, మొదటి గడిలోకి జారకూడదు.

కాగితాలను ల్యామినేషన్ చేయించకండి, వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. సెల్లోటేపు కొన్నేళ్లకు గోధుమరంగుకు తిరిగి కాగితాన్నీ సిరానూ పాడుచేస్తుంది. మడతలో పెళుసెక్కిన దస్తావేజును బలవంతంగా విప్పకండి. ఫొటోల వెనుక బాల్‌పెన్నుతో రాస్తే ముందు వైపు గీతలు పడతాయి, మెత్తని పెన్సిల్‌తో అంచున రాయాలి. స్కానింగ్ కాగితాలకు 300 డీపీఐ, ఫొటోలకు 600. వస్తువును ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుంచించుకుపోయి చిన్న అక్షరాలు చదవడానికి రావు, డాక్యుమెంటుగా పంపాలి.

ప్రభుత్వం చేయాల్సినదీ ఉంది. పాత దస్తావేజుల్లో చాలావరకు షికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉంటాయి, అచ్చు ఉర్దూ వచ్చినవారికి కూడా అది పట్టుబడదు. ఆ రాత చదవగలిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. షాజహాన్, ఔరంగజేబు కాలపు పత్రాలను భద్రపరచిన తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, సామాన్యుల ట్రంకుపెట్టెలకూ తలుపు తెరవాలి. నెలకు రెండు శనివారాలు, ఒక బల్ల, ఒక స్కానరు, షికస్తా చదివే ఇద్దరు, తెలుగులో రాసిపెట్టే ఒకరు ఉంటే సరిపోతుంది. అసలు కాగితం ఇంటివాళ్ల చేతికే తిరిగి ఇవ్వాలి. లేకపోతే భూమి తగాదాల భయంతో ఎవరూ తీసుకురారు. ఎనిమిదో తరగతి సోషల్ ప్రాజెక్టుల్లో ఇంటర్నెట్ నుంచి కోట బొమ్మలు అతికించే పని మాని, ఇంట్లోని ఒక్క వస్తువుకు మూడు గళ్ల కాగితం నింపమని విద్యాశాఖ చెప్పవచ్చు. ఒకే తరగతిలో దొర వంశం పిల్లవాడూ, జీతగాడి వంశం పిల్లా, కోస్తా నుంచి వచ్చినవారి బిడ్డా, పాతబస్తీ అమ్మాయీ పక్కపక్కన కూర్చునే నగరం ఇది. ఆ కాగితాలను మార్కులు వేసి పారేయకుండా గోడకు అంటించి, ఒకరివి ఒకరు చదివేలా ఉపాధ్యాయులు రెండు పీరియడ్లు కేటాయించాలి.